అమెచ్యూర్ రేడియోలో అనుమతించిన, నిషేధించిన సంభాషణలు

అమెచ్యూర్ రేడియో (వాడుకలో హామ్ రేడియో) లో ఏ విషయాలు మాట్లాడవచ్చు, ఏవి మాట్లాడరాదు అన్నదానిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) రేడియో నిబంధనలు, వాటికి లోబడి ఆయా దేశాలు రూపొందించుకున్న నియమాలు నిర్ణయిస్తాయి. ఈ సేవలో పాల్గొనేవారు పరీక్ష ఉత్తీర్ణులై, ప్రభుత్వం నుంచి లైసెన్సు, కాల్‌సైన్ పొంది, తమ సొంత పరికరాలతో ఇతర అమెచ్యూర్లతో సంభాషిస్తారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏది పడితే అది మాట్లాడే హక్కు రాదు. వ్యాపార విషయాలు, సంగీతం, వార్తా ప్రసారాలు, గూఢలిపి సందేశాలు, లైసెన్సు లేని ఇతరుల తరఫున పంపే సందేశాలు వీటిలో కొన్ని పూర్తిగానూ, కొన్ని షరతులతోనూ నిషిద్ధం. వీటిలో మొదటివాటి వలన అమెచ్యూర్లకు కలిగే ఇబ్బంది స్వల్పమే. చివరిదైన ఇతరుల సందేశాల నిషేధం మాత్రం తుఫానులు, భూకంపాల సమయంలో ప్రాణాలకు సంబంధించిన ప్రశ్నగా మారుతుంది.

నేపథ్యం

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో చాలా దేశాల్లో టెలిగ్రాఫు, టెలిఫోను వ్యవస్థలు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండేవి. తంతి పంపితే పదానికి ఇంత అని రుసుము వసూలు చేసేవారు. ఇంటి డాబాపై ఒక తీగ కట్టుకుని ఖండాంతరాలకు ఉచితంగా సందేశం పంపగల మనిషి ఈ వ్యవస్థకు పోటీదారుగా కనిపించడం సహజమే. అందుకే 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం మొదలుకొని అమెచ్యూర్లకు పౌనఃపున్యాలు కేటాయిస్తూనే, వారి సంభాషణ పరిధిని కుదించే ప్రయత్నం జరిగింది. సాంకేతిక ప్రయోగాలకు సంబంధించిన మాటలు, వాటికి తోడు తంతి కార్యాలయానికి వెళ్లి డబ్బు చెల్లించి పంపేంత ప్రాముఖ్యం లేని వ్యక్తిగత విషయాలు మాత్రమే మాట్లాడాలన్నది చాలాకాలం పాటు ఐటీయూ నిబంధనల్లో ఉన్న భావం. ముఖ్యమైన మాట అయితే తంతి శాఖకు ఆదాయం రావాలి, ముఖ్యం కాని మాట అయితే గాలిలో పంపుకోవచ్చు అన్నమాట. నిబంధన రాసినవారి మనసులో ఏమున్నదో ఇంత స్పష్టంగా తెలిపే వాక్యం చట్టాల్లో అరుదు.

రెండవ భయం భద్రతకు సంబంధించినది. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభం కాగానే భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం అమెచ్యూర్ల ప్రసార పరికరాలను స్వాధీనం చేయవలసిందిగా ఆదేశించింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమకాలంలో ఉషా మెహతా, ఆమె సహచరులు నడిపిన కాంగ్రెస్ రేడియోకు సాంకేతిక సహాయం అందించినవారిలో నరిమన్ ప్రింటర్ అనే అమెచ్యూర్ ఉన్నాడు. ఆనాటి పాలకుల దృష్టిలో అది నేరం, దేశ ప్రజల దృష్టిలో స్వాతంత్ర్య పోరాటం. ఏదేమైనా, అమెచ్యూర్ కేంద్రం నుంచి ప్రజలనుద్దేశించి ప్రసారం చేయరాదన్న నిబంధన వెనుక పాలకులకు ఉన్న శంక ఊహాజనితం కాదని ఈ ఉదంతం చూపుతుంది.

అంతర్జాతీయ నిబంధనలు

ఐటీయూ రేడియో నిబంధనల ప్రకారం అమెచ్యూర్ సేవ అనగా స్వయంశిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధనల కొరకు, ఆర్థిక ప్రయోజనం లేకుండా, కేవలం వ్యక్తిగత ఆసక్తితో అధీకృత వ్యక్తులు నిర్వహించే రేడియో సేవ. ఈ నిర్వచనం నుంచే తక్కిన నిషేధాలు చాలావరకు పుడతాయి.

ఈ సేవకు ప్రత్యేకించిన 25వ ప్రకరణాన్ని 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం గణనీయంగా సవరించింది. అమెచ్యూర్ లైసెన్సుకు మోర్స్ పరిజ్ఞానం తప్పనిసరి కాదని, ఆ విషయం ఆయా దేశాల ఇష్టమని చెప్పినది ఈ సమావేశమే. తంతి కార్యాలయాన్ని గుర్తుచేసే పాత పదజాలం కూడా అప్పుడే తొలగిపోయింది. ప్రస్తుత పాఠం ప్రకారం వేర్వేరు దేశాల అమెచ్యూర్ల మధ్య సంభాషణ ఆ సేవ ఉద్దేశాలకు సంబంధించిన విషయాలకు, వ్యక్తిగత స్వభావం గల మాటలకు పరిమితం కావాలి. అర్థాన్ని దాచే ఉద్దేశంతో సందేశాన్ని సంకేతబద్ధం చేయరాదు. ఇతరుల తరఫున అంతర్జాతీయ సందేశాలను అత్యవసర పరిస్థితుల్లోనూ, విపత్తు సహాయంలోనూ మాత్రమే పంపవచ్చు. ఈ చివరి విషయంలో తన పరిధిలోని కేంద్రాలకు నిబంధనను ఎలా వర్తింపజేయాలో ప్రతి దేశం నిర్ణయించుకోవచ్చు.

అదే సమావేశం మరొక కొత్త వాక్యాన్ని చేర్చింది. విపత్తు సహాయానికి కావలసిన సమాచార అవసరాలు తీర్చడానికి అమెచ్యూర్ కేంద్రాలు ముందుగానే సన్నద్ధం కావడానికి వీలుగా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని అది ప్రోత్సహిస్తుంది. ఇందులో సన్నద్ధత అన్న మాట ముఖ్యమైనది. విపత్తు వచ్చాక అనుమతించడం వేరు, రాకముందే అభ్యాసం చేయనివ్వడం వేరు.

ఆర్థిక ప్రయోజనం

అమెచ్యూర్ రేడియో ద్వారా డబ్బు సంపాదించరాదన్నది అన్ని దేశాల్లోనూ ఉన్న నియమం. అయితే హద్దు ఎక్కడ గీయాలన్నదే చిక్కు. అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) నియమాలు ఈ విషయంలో ఎక్కువ వివరంగా ఉండడం వలన, అక్కడి ఉదాహరణలు ఉపయోగపడతాయి. ఒకప్పుడు అక్కడ అమెచ్యూర్ రిపీటర్ ద్వారా టెలిఫోనుకు అనుసంధానమై పిజ్జా తెప్పించుకోవడం కూడా వ్యాపారానికి తోడ్పడడం కిందికి వచ్చేది. 1993లో ఎఫ్‌సీసీ నియమాన్ని మార్చి, సంభాషించే వ్యక్తికి ఆర్థిక ప్రయోజనం ఉన్నదా లేదా అన్నదానినే కొలబద్ద చేసింది. అప్పటి నుంచి పిజ్జా తెప్పించుకోవడం తప్పు కాదు, పిజ్జా దుకాణం యజమాని తన సరఫరా బండ్లను అమెచ్యూర్ రేడియోతో నడపడం తప్పు. తాను వాడిన పాత ట్రాన్స్‌సీవర్‌ను ఎప్పుడైనా ఒకసారి గాలిలోనే అమ్మకానికి పెట్టవచ్చు, అదే పనిగా అమ్మరాదు.

ఉద్యోగి తన యజమాని తరఫున మాట్లాడడం కూడా ఆర్థిక ప్రయోజనమే. దీనితో ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. ఆసుపత్రిలో జీతానికి పనిచేస్తున్న అమెచ్యూర్, అదే ఆసుపత్రి నిర్వహించే విపత్తు అభ్యాసంలో రేడియో పట్టుకుంటే నియమభంగం, బయటి స్వచ్ఛంద సేవకుడు పట్టుకుంటే సక్రమం! 2010లో ఎఫ్‌సీసీ దీనిని సవరించి, విపత్తు అభ్యాసాల్లో ఉద్యోగులు కూడా పాల్గొనవచ్చని చెప్పింది. ప్రభుత్వేతర సంస్థల అభ్యాసాలకు వారానికి ఒక గంట, సంవత్సరంలో రెండుసార్లు మాత్రం 72 గంటల వరకు అని పరిమితి పెట్టింది. తరగతి గదిలో పాఠంలో భాగంగా రేడియో వాడే ఉపాధ్యాయులకు కూడా మినహాయింపు ఉంది.

సంగీతం, వార్తలు, రాజకీయాలు

అమెచ్యూర్ రేడియో ఇద్దరి మధ్య, లేదా కొందరి మధ్య జరిగే సంభాషణ. వినేవారందరినీ ఉద్దేశించి కార్యక్రమాలు ప్రసారం చేయడం దీని పని కాదు. అందువలన పాటలు వినిపించడం, రేడియో కార్యక్రమాలను తిరిగి ప్రసారం చేయడం నిషిద్ధం. అమెరికాలో పాడి వినిపించినా ఇదే నియమం వర్తిస్తుంది. మోర్స్ అభ్యాస పాఠాలు, అమెచ్యూర్లకు సంబంధించిన సమాచార ప్రకటనలు మాత్రం ఒకవైపు ప్రసారాలైనా అనుమతిస్తారు.

భారతదేశపు 1978 నియమాలు వార్తలు, ప్రకటనలు, వ్యాపార సందేశాలతో పాటు రాజకీయ, పారిశ్రామిక వివాదాలపై వ్యాఖ్యలను కూడా నిషేధించాయి. అమెరికా నియమాల్లో రాజకీయాలపై ఇటువంటి నిషేధం లేదు. అక్కడి అమెచ్యూర్లు ఎన్నికల గురించి వాదించుకుంటారు, ఆ వాదనలు తరచుగా శ్రుతిమించుతాయి కూడా. భారతీయ అమెచ్యూర్ల సంభాషణలు ఎక్కువగా సంకేత బలం, యాంటెన్నా, వాతావరణం చుట్టూనే తిరగడానికి అభిరుచి ఒక కారణం, నియమం మరొక కారణం.

రహస్య భాష

అమెచ్యూర్ చెప్పే మాట ఎవరైనా వినడానికి వీలుగా ఉండాలి. అంతర్జాతీయంగా అంగీకరించిన క్యూ సంకేతాలు, మోర్స్, డిజిటల్ విధానాలు దీనికి విరుద్ధం కావు, ఎందుకంటే వాటి అర్థం బహిరంగమే. అర్థాన్ని దాచే ఉద్దేశమే నిషిద్ధం. ఉపగ్రహాలను నియంత్రించే ఆదేశాలకు మాత్రం ఐటీయూ నిబంధనలే మినహాయింపు ఇచ్చాయి, లేనిచో దారిన పోయేవారెవరైనా ఉపగ్రహాన్ని ఆపివేయగలరు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 ద్వారా ఇస్రో ప్రయోగించి, 2014 వరకు ప్రపంచ అమెచ్యూర్లకు ఉపయోగపడిన హామ్‌శాట్ వంటి ఉపగ్రహాల విషయంలో ఈ మినహాయింపు అవసరం అర్థమవుతుంది.

బహిరంగత వలన ఒక ప్రయోజనం ఉంది. ఈ సేవను కనిపెట్టి ఉండడానికి ప్రభుత్వ సిబ్బంది ప్రతిచోటా ఉండలేరు. అమెచ్యూర్లే ఒకరినొకరు వింటూ ఉంటారు, అనుమానాస్పదమైనది వినబడితే తెలియజేస్తారు. 2016లో పశ్చిమ బెంగాల్ అమెచ్యూర్లు బంగ్లాదేశ్ సరిహద్దు వైపు నుంచి సంకేత భాషను పోలిన సంభాషణలు విన్నామని ప్రభుత్వానికి తెలిపిన సంగతి పత్రికల్లో వచ్చింది. గూఢలిపిని అందరికీ అనుమతిస్తే ఇటువంటి పరస్పర నిఘా సాధ్యం కాదు.

నష్టం కూడా లేకపోలేదు. విపత్తు శిబిరంలోని రోగి పేరు, వ్యాధి వివరాలు ఆసుపత్రికి పంపవలసి వచ్చినపుడు అవి లోకమంతా వినేలా వెళ్తాయి. ఈ కారణంతో, అత్యవసర సందేశాలకైనా గూఢలిపిని అనుమతించాలని 2013లో అమెరికాలో ఒక అమెచ్యూర్ విన్నపం దాఖలు చేశాడు. అమెచ్యూర్ల జాతీయ సంఘమైన ఏఆర్‌ఆర్‌ఎల్ దానిని వ్యతిరేకించింది. ఎఫ్‌సీసీ అదే సంవత్సరం ఆ విన్నపాన్ని తోసిపుచ్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే డిజిటల్ వాకీటాకీల్లో చాలావాటికి గూఢలిపి సౌకర్యం తయారీలోనే ఉంటోంది. దానిని వాడకుండా ఉండడం పూర్తిగా వాడేవారి నియమపాలనపై ఆధారపడి ఉంది.

ఈ సందర్భంలో గమనించదగిన విషయం మరొకటి ఉంది. అమెచ్యూర్ తన మాట దాచరాదు, కాని ఇతర సేవలకు చెందిన సందేశాలు తన రిసీవర్‌లో పొరపాటున వినబడితే వాటిని బయటపెట్టరాదు. అతని మాటకు గోప్యత లేదు, అతను విన్న ఇతరుల మాటకు ఉంది.

ఇతరుల తరఫున సందేశాలు

సంభాషించే ఇద్దరు అమెచ్యూర్లు కాక, వారిలో ఒకరి ద్వారా మాట పంపే మరొక వ్యక్తిని మూడవ పక్షం అంటారు. పక్కింటివారి కుమారుడు క్షేమంగా ఉన్నాడని చెప్పడం, కలెక్టరు కోరిన మందుల జాబితాను చేరవేయడం రెండూ మూడవ పక్షం సందేశాలే. లైసెన్సు లేని వ్యక్తికి మైకు అందించి మాట్లాడించినా అంతే. 2025 జూలైలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి శుభాంశు శుక్లా హామ్ రేడియో ద్వారా బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంతో మాట్లాడినపుడు విద్యార్థులు ఆయనను ప్రశ్నలు అడిగారు. నిర్వచనాన్ని బట్టి చూస్తే లైసెన్సు లేని ఆ విద్యార్థులు మూడవ పక్షమే. స్కౌట్లు 1958 నుంచి జరుపుకుంటున్న ఆకాశవీధి జాంబోరీలో పిల్లలు పలకరించుకోవడం కూడా ఈ కోవకే చెందుతుంది.

అమెరికాలో దేశం లోపల మూడవ పక్షం సందేశాలకు అడ్డంకి లేదు. పుట్టినరోజు శుభాకాంక్షలను సైతం ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి చేరవేసే వ్యవస్థ అక్కడ దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆ శుభాకాంక్షలకు విలువ లేకపోవచ్చు, కాని ఆ అలవాటుకు విలువ ఉంది. సందేశాన్ని నిర్ణీత రూపంలో రాయడం, పదాల లెక్క సరిచూడడం, చేరినట్లు నిర్ధారించుకోవడం వారికి నిత్యకృత్యమైంది. విదేశాలకు మాత్రం, ఆ దేశంతో ఒప్పందం ఉంటేనే పంపవచ్చు. అమెరికాతో ఇటువంటి ఒప్పందం ఉన్న దేశాల జాబితాలో భారతదేశం లేదు. అందువలన అమెరికాలో ఉన్న తెలుగు అమెచ్యూర్ ఒకరు హైదరాబాదులోని అమెచ్యూర్‌తో తన యాంటెన్నా గురించి గంటసేపు మాట్లాడవచ్చు, తన పొరుగువారి తల్లికి క్షేమ సమాచారం మామూలు రోజుల్లో చెప్పించరాదు.

భారతదేశంలో దేశం లోపల కూడా ఈ నిషేధం ఉంది. 1978 నియమాల ప్రకారం భూకంపం, వరద, తుఫాను వంటి ప్రకృతి వైపరీత్యాల వలన సాధారణ సమాచార సౌకర్యాలు దెబ్బతిన్నపుడు, బాధిత ప్రాంతానికి సంబంధించి మాత్రమే మూడవ పక్షం సందేశాలు చేరవేయవచ్చు. అవి కూడా ప్రధానంగా ప్రభుత్వ బాధ్యతల్లో ఉన్నవారి సందేశాలు.

ఈ మినహాయింపు ఎంత విలువైనదో 2004 డిసెంబరు 26న రుజువైంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం ఆ నెలలో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. భద్రతా కారణాలతో ఆ ద్వీపాల్లో 1987 తరువాత అమెచ్యూర్ కార్యకలాపాలకు అనుమతి లభించలేదు. సుమారు పదిహేడేళ్ల తరువాత అనుమతి రావడంతో, ప్రపంచ అమెచ్యూర్లు ఆ ద్వీపాలతో సంపర్కం నమోదు చేసుకోవడానికి పోటీపడుతున్నారు. అది పూర్తిగా వినోదం. ఆ ఉదయం భూకంపం, వెంటనే సునామీ వచ్చి ద్వీపాల సమాచార వ్యవస్థ తెగిపోగానే అదే కేంద్రం అత్యవసర కేంద్రంగా మారింది. తరువాతి రోజుల్లో అధికారుల సందేశాలు, ద్వీపవాసుల క్షేమ సమాచారం దాని ద్వారా ప్రధాన భూభాగానికి చేరాయి. అంతకు కొన్ని వారాల ముందు అనుమతి రాకపోయి ఉంటే అక్కడ ఆ యాంటెన్నా కూడా ఉండేది కాదు.

అయితే ఈ సంఘటన నియమం మంచిదనడానికి సాక్ష్యం కాదు. ఆ బృందం అక్కడ ఉండడం యాదృచ్ఛికం. వారు కొన్ని వారాలుగా రేయింబవళ్లు వందలాది కేంద్రాలతో మాట్లాడుతూ చేయి తిరిగి ఉండడం కూడా యాదృచ్ఛికమే. సమాచార వ్యవస్థ తెగిన తరువాతనే తలుపు తెరుచుకునే నియమంలో, ఆ తలుపు గుండా ఎలా వెళ్లాలో ముందుగా నేర్చుకునే అవకాశం తక్కువ. మండల కార్యాలయం నుంచి జిల్లా కేంద్రానికి నిజమైన అధికారి రాసిన నిజమైన సందేశాన్ని మామూలు రోజున పంపి చూడకుండా, తుఫాను రాత్రి అది తప్పులు లేకుండా చేరుతుందని ఆశించడం కష్టం. 2003 నాటి ఐటీయూ వాక్యం సన్నద్ధత గురించి చెప్పినది ఇదే.

మామూలు రోజులకు, విపత్తుకు మధ్య మసక ప్రాంతం కూడా ఉంది. గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన యాత్రికులను వారి కుటుంబాలతో కలపడంలో పశ్చిమ బెంగాల్ రేడియో క్లబ్బు చేసే కృషి ప్రసిద్ధమైనది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి, భాష తెలియక తిరుగుతున్న వృద్ధుల ఊరి ఆచూకీ ఆయా రాష్ట్రాల అమెచ్యూర్ల ద్వారా కనుక్కుంటారు. అక్కడ భూకంపమూ లేదు, టెలిఫోను వ్యవస్థ కూలిపోనూ లేదు. అయినా ఈ సేవను అధికార యంత్రాంగం అడ్డుకోలేదు సరికదా ఆదరిస్తోంది. ఆచరణ మంచిదైనపుడు నియమం దానికి తగినట్లు మారడం ఉభయులకూ క్షేమం, ఎందుకంటే ఒక అధికారి సౌజన్యంపై ఆధారపడిన అనుమతిని మరొక అధికారి ఉపసంహరించవచ్చు.

ప్రాణాపాయం సంగతి

ప్రాణాపాయంలో ఉన్న కేంద్రం, దానికి సహాయపడుతున్న కేంద్రం తమకు అందుబాటులో ఉన్న ఏ రేడియో సాధనాన్నైనా వాడకుండా తమ నిబంధనలేవీ అడ్డుకోవని ఐటీయూ స్పష్టం చేసింది. మరే సాధనమూ లేనపుడు ప్రాణరక్షణకు, తక్షణ ఆస్తిరక్షణకు ఏ మార్గాన్నైనా వాడవచ్చని ఎఫ్‌సీసీ నియమాలు కూడా చెబుతాయి. లైసెన్సు లేకుండా ఒక వాకీటాకీ కొని దాచుకుంటే ఆపదలో పనికివస్తుందన్న వాదనకు కొందరు దీనిని ఆధారంగా చూపుతారు. ఆ వాదన సరికాదు. మినహాయింపు ఆపద క్షణానికే, ముందు రోజులకు కాదు. పైగా అలవాటు లేని చేతిలో రేడియో ఏ పౌనఃపున్యంలో పిలవాలో, ఎవరు వింటారో తెలియని పెట్టె మాత్రమే.

భారతదేశంలో చట్టపరమైన స్థితి

1978 నియమాలు 1885 నాటి భారత టెలిగ్రాఫు చట్టం కింద రూపొందాయి. పరికరాలను కలిగి ఉండడానికి 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వర్తించేది. ఈ రెండింటి స్థానంలో పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది, 2024 నుంచి దాని సెక్షన్లు దశలవారీగా అమలులోకి రావడం మొదలైంది. పాత చట్టాల కింద చేసిన నియమాలు, కొత్త చట్టానికి విరుద్ధం కానంత మేరకు, వాటి స్థానంలో కొత్తవి వచ్చే వరకు కొనసాగుతాయని ఈ చట్టమే చెబుతుంది. లైసెన్సుకు కనీస వయస్సు 12 సంవత్సరాలు. 2009 సవరణ తరువాత లైసెన్సులు జనరల్, రెస్ట్రిక్టెడ్ అనే రెండు తరగతులకు తగ్గాయి.

ప్రభుత్వ దృష్టి ఇటీవల ఎక్కువగా పరికరాల అమ్మకంపై ఉంది. ఆన్‌లైన్ అంగళ్లలో లైసెన్సు ప్రస్తావన లేకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో నోటీసులు జారీ చేసి, మార్గదర్శకాలు ప్రకటించింది. పోలీసు, అత్యవసర సేవల పౌనఃపున్యాల్లో చొరబడే ప్రమాదం దృష్ట్యా ఇది అవసరమే. మాట్లాడే విషయాల నియమాలను తిరగరాసే పని దీనికంటే భిన్నమైనది. సంగీతం, వ్యాపారం, గూఢలిపి నిషేధాల వల్ల నష్టపోయే అమెచ్యూర్లు చాలా తక్కువ మంది, వాటిని సడలించమని అడిగేవారూ తక్కువే. తంతి సేవ భారతదేశంలో 2013 జూలైలో ముగిసింది. దాని ఆదాయాన్ని కాపాడే కాలం నుంచి వచ్చిన మూడవ పక్షం నిషేధానికి ఇప్పుడు మిగిలిన కారణం భద్రత ఒక్కటే. సందేశం స్పష్టమైన భాషలో ఉండి, పంపినవారి కాల్‌సైన్, సమయం లాగ్ పుస్తకంలో నమోదై, అందరూ వినేలా వెళ్తున్నపుడు ఆ భద్రతా అవసరం చాలావరకు తీరుతుంది. దేశం లోపల, జిల్లా విపత్తు నిర్వహణ అధికారులకు తెలిపి చేసే అభ్యాసాల్లో మూడవ పక్షం సందేశాలను అనుమతించడానికి ఐటీయూ నిబంధనలు అడ్డు కావు, వాటి పరిమితి అంతర్జాతీయ సందేశాలకే.